ఎర్రబడిన అరచెయ్యి

నోట్లూ నాణేలూ పోయి ఇరవై ఏళ్లయింది. యంత్రానికి కుడి అరచెయ్యి చూపించకపోతే కాకినాడలో ఉప్పు పొట్లం కూడా ఎవరూ ఇవ్వరు. ఆ చేతికి గోరింటాకు పండిందా, అది వెలిసేదాకా యంత్రం మనిషిని గుర్తుపట్టదు. అందుకే ఆషాఢం వచ్చినా ఆడవాళ్లు ఆకు జోలికి పోవడం మానేశారు.

ఆ మధ్యాహ్నం లాస్య వంటిల్లు సర్దుకుని వచ్చేసరికి, తల్లి శిరీష పెరట్లో ఆకు దూసి, మెత్తగా రుబ్బి, గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది.

"చెయ్యి చాపవే, బుజ్జులూ."

లాస్య నిలబడిపోయింది. ఎనిమిది నెలలుగా ఆవిడ తనను "ఎవరండీ మీరు?" అనే అడుగుతోంది.

తల్లి మతిమరుపు మాత్రలు రేపటితో అయిపోతాయి. ఇప్పుడే వెళ్లి కొనుక్కొస్తే, తిరిగొచ్చేసరికి ఈ పిలుపు ఉంటుందో ఉండదో. లాస్య ఎడమచెయ్యి చాపింది.

చందమామ పెట్టి, చుట్టూ చుక్కలు పెట్టి, "రెండోదేదీ?" అంది శిరీష.

"ఒకటి చాల్లేమ్మా."

"ఒంటిచేతికి పెట్టుకుంటారుటే ఎక్కడైనా? నీ మొహం!"

ఆ తిట్టు విని ఎన్నాళ్లయిందో! లాస్య కుడిచెయ్యి కూడా తల్లి ఒళ్లో పెట్టేసింది.

ఆకు ఆరుతుండగా గోడ దగ్గరకెళ్లి పక్కింటి హారికను పిలిచింది. "వదినా, ఇది వెలిసేదాకా అమ్మ మాత్రలకి నీ చెయ్యే దిక్కు."

హారిక ఆ రెండు చేతులూ చూసి నోరు నొక్కుకుంది.

"వస్తాలే. అత్తయ్యగార్ని మాత్రం ఆ గిన్నె పట్టుకుని మా ఇంటివైపు రానివ్వకమ్మా!"