నేను కట్టని వంకాయ

"రేపు పిల్లల తల్లిదండ్రులు వచ్చేసరికి ఒక్క కాయైనా కనబడాలి మాస్టారూ. లేదంటే మీ తోట పీకించి సైకిళ్ల స్టాండు వేయిస్తా," అన్నారు హెడ్మిస్ట్రెస్.

చేతులు కడిగిన నీళ్లే తడి, కూరల తొక్కలే ఎరువు అంటూ బడంతా గొంతు చించుకున్న సైన్సు మాస్టార్ని నేనే. తీరా చూస్తే నా వంగమొక్కలకు ఆకులే తప్ప కాయల్లేవు.

మర్నాడు అందరికంటే ముందొచ్చి, బజార్లో కొన్న వంకాయల్ని ఆకుపచ్చ దారంతో మొక్కలకు కట్టేశాను.

నడుం పట్టుకుని లేస్తే ఏముంది, గోడవారగా ఉన్న మొక్కకు నేను కట్టని వంకాయ ఒకటి! కళ్లు చెమర్చాయి. నా తొక్కలు, నా ఎరువు, నా సైన్సు!

తల్లిదండ్రులు రాగానే మిగతా మొక్కల వైపు చూడనివ్వకుండా అందర్నీ దాని దగ్గరికే లాక్కెళ్లాను. మందు కొట్టని కాయంటే ఇదీ అని తెగ డప్పు కొట్టుకుని, కొయ్యబోయాను.

హెడ్మిస్ట్రెస్ గబగబా పక్కకొచ్చి నా చెవిలో అన్నారు.

"మెల్లిగా మాస్టారూ. నిన్న సాయంత్రం కంగారులో కట్టాను, ముడి సరిగ్గా పడలేదు."