అభ్యంతరం లేదు

ఇరవై కుర్చీల ఆ చిన్న ప్రివ్యూ హాల్లో ఉన్నది ముగ్గురే. బట్టలు కుట్టి బతికే ఆమె, పక్కన ఏడేళ్ళ మనవరాలు, వెనక వరసలో సినిమా తీసిన దర్శకుడు.

అతను ఆమె కొడుకుతో కలిసి చదువుకున్నవాడు. ఆమె చేతి అన్నం తిన్నవాడు. ఎనిమిదేళ్ళ క్రితం స్నేహితులిద్దరూ వీపులకు సంచులు తగిలించుకుని, ఏ పటంలోనూ లేని అందమైన దీవి ఒకటుందని ఎవరో చెబితే వెతుక్కుంటూ బయల్దేరారు. అతనొక్కడే తిరిగొచ్చాడు. ఇప్పుడు ఆ కథే సినిమా. ఆమె సంతకం పెడితే తప్ప విడుదల కాదు.

రెండుసార్లు కాగితం పంపాడు. ముందు చూడనీ అని తిప్పి పంపేసింది.

తెరమీద కుర్రాళ్ళు నవ్వుతూ నడుస్తున్నారు. కొడుకు వేషం వేసిన కుర్రాడి సంచి చూసి ఆమె మొహం చిట్లించింది. తను కుట్టిచ్చిన సంచికి పట్టీలు అంత సన్నంగా ఉండవు.

చివర్లో గాలివాన. ఒడ్డు కనిపించే దూరంలోనే అద్దె పడవ మునగసాగింది. ఉన్నది ఒక్కటే లైఫ్ జాకెట్, అదీ కొడుకు ఒంటిమీద. వాడు దాన్ని విప్పి, వద్దంటున్నా వినకుండా స్నేహితుడికి తొడిగి, నీళ్ళలోకి జారిపోయాడు.

పుట్టకముందే తండ్రిని పోగొట్టుకున్న పిల్ల ఊపిరి బిగబట్టి చూసింది. "మా నాన్న ఇంత మంచివాడా నానమ్మా?" అంది. బళ్ళో అందరికీ చెబుతానంది.

దీపాలు వెలిగాయి. దర్శకుడు వచ్చి ఆమె ఎదుట చతికిలబడ్డాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమె అతన్ని చాలాసేపు చూసింది.

"పోయేముందు వాడు ఇంకేమైనా అన్నాడా బాబూ?"

అతను తల దించుకున్నాడు. "అమ్మ జాగ్రత్త అన్నాడమ్మా."

"అంతేనా?"

"అంతేనమ్మా."

మనవరాలు చెయ్యి పట్టుకుని గుంజుతోంది. నాన్న జాకెట్ ఇచ్చేది మళ్ళీ ఒక్కసారి వెయ్యమని అడగమంటోంది. ఆమె పిల్ల మొహంలోకి చూసింది. కాగితం తీసుకుని, 'అభ్యంతరం లేదు' అన్న అచ్చు మాటల కింద సంతకం పెట్టింది.

అతను ఆమె చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె చేతులు వెనక్కి తీసుకోలేదు.

ఆ గాలివానలో పడవలోంచి కొడుకు చేసిన ఆఖరి ఫోనులో, 'అమ్మా' అన్న పిలుపు తర్వాత ఆమె విన్నది ఒకే ఒక్క మాట: "నా జాకెట్ లాక్కోకురా, నాకు ఈత రాదురా."