రాత్రి రీడింగు సున్నా రావాలి

బండికి స్టాండు వేయకముందే విక్టర్ అరవడం మొదలుపెట్టాడు.

"మళ్ళీ బోయాకి పడవ కట్టిందెవరు?"

ఒడ్డున పడవలు అప్పుడే వచ్చి ఆగాయి. ఇంజన్లు ఇంకా వేడిగానే ఉన్నాయి. ఒక్క చేపా దిగలేదు. తనని చూసి ఎక్కడో దాచేసి ఉంటారనుకున్నాడు విక్టర్.

అతనంటే ఆ పేటలో ఎవరికీ గిట్టదు. బోయా నీడకి చేపలు చేరతాయని పడవ కట్టుకున్న ఇద్దరి మీద పోయిన నెలే పోలీసు కేసు పెట్టించాడు. అతనికీ వాళ్ళంటే ఒళ్ళుమంట. సముద్రంలో తేలే ఆ బోయా అడుగున, నీళ్ళలోకి ఎంత వెలుతురు దిగుతోందో కొలిచే సెన్సరు ఉంది. అది పంపే అంకెల్లో మంచివేవో, చెడ్డవేవో తేల్చడం శ్రీకాకుళం ఆఫీసులో అతని ఉద్యోగం. ఈ నెల కూడా అంకెలు పాడైతే బోయా పీకేస్తామన్నారు. బోయా పోతే ఉద్యోగమూ పోయినట్టే. ఇంట్లో చూస్తే భార్య గ్లోరీకి నెలలు నిండాయి.

పేట పెద్ద ఎల్లాజీ అడ్డం వచ్చాడు.

"గురువారం కాడ్నుంచి ఈ పేటలో ఎవులమూ వల ముట్టలేదు. ఎల్లిపో బాబూ. గొడవలకిది టైము కాదు."

"ఏటి కబుర్లు? మరి పడవలన్నీ షికారుకెళ్ళొచ్చాయా?"

ధనరాజ్ అనే పడుచువాడు మీదకి దూకబోయాడు. ఎల్లాజీ అతని రెక్క పట్టుకుని ఆపాడు. ఇసుకలో కూర్చున్న అప్పలమ్మ మాత్రం సముద్రం వైపు నుంచి తల కూడా తిప్పలేదు. ఎంత పొగరో అనుకున్నాడు విక్టర్.

అతను ఫోన్ తీసి గీతలు చూపించాడు.

"సెన్సరుకి నాచు పడితే వెలుతురు రోజూ కొంచెం కొంచెం తగ్గుతుంది. ఇది గురువారం మధ్యాహ్నం ఒక్కసారే పడిపోయింది. పైన పడవ నిలబడితేనే అంత నీడ. సరే, అది పగలు. రాత్రి రీడింగు సున్నా రావాలి కదా? గురువారం రాత్రంతా ఎవడో టార్చి కొట్టాడు. వెలిగించడం, ఆర్పడం, మళ్ళీ వెలిగించడం. శుక్రవారం రాత్రీ అదే పని. శనివారం రాత్రి ఎందుకో కొట్టలేదు. ఆదివారం పొద్దుటికి పడవే లేదు."

విక్టర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"నేను శుక్రవారం పొద్దున్నే కనిపెట్టాను. చెడ్డ రీడింగని గుర్తు పెట్టి పక్కన పడేశాను. ఇవాళ ఆ పడవవాడి అంతు తేల్చడానికే వచ్చాను. పేరు చెప్పండి!"

ధనరాజ్ రెక్క మీద ఎల్లాజీ పట్టు వదులైంది. అయినా ధనరాజ్ కదల్లేదు. దొరికిపోయారు దొంగలు, అనుకున్నాడు విక్టర్.

అప్పలమ్మ లేచి వచ్చి అతని చొక్కా పట్టుకుంది.

"గురువారం ఏటకెల్లి తిరిగి రాని మా సీమోను, శుక్రవారం రాత్రి దాకా లైటు కొడతానే ఉన్నాడేటి బాబూ?"