చంద్రలోకం టికెట్టు

అక్షరదోషాలుంటే మన్నించండి. అరవై ఎనిమిదో ఏట పలక పట్టినదాన్ని. ఈ కాస్తా రాయడానికే నాలుగు రోజులు పట్టింది.

మా ఆయన రాజమండ్రిలో ఒక సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపేవారు. రాకెట్లూ మరమనుషులూ ఉన్న పాతకాలం మూకీ సినిమాల ప్రచార సామాను పోగెయ్యడం ఆయన పిచ్చి. కరపత్రాలు, అట్ట మాస్కులు, ట్రంకుపెట్టె నిండా అవే. అన్నిటికంటే అపురూపం ఒక టికెట్టు. వందేళ్ల కిందట ఎవరో డేరా హాలువాళ్లు అచ్చం రైలు టికెట్టులా వేయించి పంచారట. ‘రాజమండ్రి నుంచి చంద్రలోకం. ఒకవైపు ప్రయాణం.’ అలాంటిది ఇంకెక్కడా మిగల్లేదట.

దానికోసం శశిభూషణ్‌గారు ఇరవై ఏళ్లు మా గడప అరగదీశారు. ఆయనదీ అదే పిచ్చి.

“ఏమండీ ఆంజనేయులుగారూ, చంద్రలోకం బండి ఇంకా కదల్లేదా?”

“సిగ్నల్ పడలేదండీ. నేను పోయాక మీరే ఎక్కుదురుగాని. మాటిచ్చానుగా!”

రెండేళ్ల కిందట మా ఆయన మంచం పట్టారు. ఆరు నెలలు. ఆ టికెట్టు అరచేతిలో పెట్టుకునే నిద్రపోయేవారు. ఒకరోజు దాన్ని డబ్బాలో పెట్టేసి, గోడవైపు తిరిగి పడుకున్నారు.

“అది భూషణ్‌గారిదేనే. నన్ను మన కొవ్వూరు టికెట్టు ఇచ్చి పంపు.”

పెళ్లైన కొత్తలో కొవ్వూరులో రైలెక్కి గోదావరి దాటాం. ఆ టికెట్టు స్టేషన్లో ఇవ్వకుండా దాచేశారు. రెండూ ఒకే డబ్బాలో ఉండేవి. ఒకే సైజు అట్టముక్కలు, ఒకేలా మాసిన పసుపు.

పాడె ఎక్కించే ముందు డబ్బాలోంచి ఒకటి తీసి ఆయన గుప్పిట్లో పెట్టాను.

పదకొండో రోజున శశిభూషణ్‌గారు వచ్చారు. డబ్బా ఇచ్చాను. కళ్లద్దాలు తుడుచుకుని చూశారు. మళ్లీ తుడుచుకున్నారు.

“చెల్లెమ్మా... ఇది కొవ్వూరు టికెట్టండీ.”

నేను తల దించుకున్నాను.

అంత పెద్దాయన గుమ్మంలోనే కూలబడి ఏడ్చారు. కాసేపటికి తనే నన్ను ఓదార్చారు.

“మీరు మాత్రం ఏం చేస్తారండీ, చదువు రాకపోయె.”

వీధిలో అందరూ అదే అన్నారు. నేను కాదనలేదు.

మొన్న శశిభూషణ్‌గారూ పోయారు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నా పేరు సత్యకుమారి, వయసు డెబ్బై, ఇప్పుడు కొవ్వూరులో మా చెల్లెలి ఇంట్లో ఉంటున్నాను. మంచంలో ఉన్న ఆ ఆరు నెలలూ మా ఆయన నాకు అక్షరాలు నేర్పింది ఆ రెండు టికెట్ల మీదే.