పని మానని కోడలు

గంగులమ్మకు పనంటే ప్రాణమని ధర్మవరం నేతవీధిలో అందరూ చెప్పుకునేవారు.

పొద్దు పొడవకముందే ఒక్కతే ఏటికి పోయి బట్టలు ఉతుక్కొచ్చేది. వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు చల్లి, ముగ్గేసి, పొయ్యి రాజేసేది. మొగుడు జయరాముడు మగ్గం గుంతలో దిగేసరికి అంబలి సిద్ధం. అత్త కుళ్ళాయమ్మకు వేడినీళ్ళు సిద్ధం. ఆ పైన పట్టునూలు కండెలు చుట్టడానికి కూర్చునేది.

ప్రతి పనిలోనూ ఏదో ఒక మంచి చూసుకోమని పెనుకొండలో వాళ్ళవ్వ చెప్పి పంపింది. గంగులమ్మ అలాగే చూసుకునేది. చింతపండు పెట్టి తోమితే రాగిచెంబు మెరుస్తుంది, అది బాగుంది. రాగులు విసురుతుంటే తిరగలి చప్పుడులో ఇంకే మాటా వినిపించదు, అది ఇంకా బాగుంది. ఇలా బాగున్నవన్నీ ఒక్కొక్కటే తనకు తాను చెప్పుకునేది. నవ్వు మాత్రం వచ్చేది కాదు. ఏడుపూ వచ్చేది కాదు. మనసు మొద్దుబారిపోయింది.

మొద్దుబారదూ మరి? పెళ్ళయి ఎనిమిదేళ్ళు. కడుపు పండలేదు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు ఉగాది వెళ్ళగానే, కొడుక్కి మళ్ళీ చేద్దామని కుళ్ళాయమ్మ హిందూపురంలో ఒక పిల్లను చూసొచ్చింది. జయరాముడు అవుననలేదు, కాదనలేదు, మగ్గంలోంచి తల ఎత్తలేదు. గంగులమ్మను పెనుకొండకు పంపేయాలన్నారు. పెనుకొండలో అవ్వ పోయి రెండేళ్ళయింది. వెళితే తలుపు తీసేవాళ్ళు లేరు.

ఆ మాట ఈ మధ్య ఆగింది. రెండు నెలలుగా కోడలు ఒక్క పూటయినా పొయ్యి దగ్గర్నుంచి కదలలేదు. ఇది మూడో నెల. కుళ్ళాయమ్మ వేళ్ళు మడిచి లెక్కేసుకుంది. మళ్ళీ ఒకసారి లెక్కేసుకుని, పరుగున వచ్చి కోడలి చంకలోని బిందె లాక్కుంది.

“ఈడ పెట్టు మే. ఇంగ నీళ్ళు నేను తెస్తా.”

“ఏం కాదత్తా. పని చేస్తాంటేనే నాకు బాగుంటాది. ఊరికే కూచుంటే భయమేస్తాది.”

పక్కింటి హనుమక్క ఇది విని బుగ్గలు నొక్కుకుంది. ఆవిడ కోడలికి చీపురు చూస్తేనే తలనొప్పి వచ్చేదట. గంగులమ్మను చూసి నేర్చుకోమని ఆ పిల్లను ఆ రోజంతా సాధించింది.

శుక్రవారం పొద్దున్నే కుళ్ళాయమ్మ పెళ్ళిళ్ళ ఓబుళప్పను పిలిపించింది. హిందూపురం వాళ్ళను వేరే సంబంధం చూసుకోమని చెప్పి రమ్మంది. ఓబుళప్ప గొణుక్కుంటూనే బస్సెక్కాడు. తర్వాత ఆమె కోడలి తల నిమిరి, ఇంటి దేవత చౌడమ్మకు మొక్కు తీర్చాలంది.

“నైవేద్యం నీ చేత్తోనే చెయ్యి మే. నీ చెయ్యి మంచిది.”

గంగులమ్మ తలకు పోసుకుంది. నడుము పట్టేస్తున్నా పప్పు ఉడికించి, పూర్ణం రుబ్బి, ఓళిగలు కాల్చింది. పెనం మీద ఓళిగ పొంగితే చూడ్డానికి బాగుంది అనుకుంది. పదకొండు చేసింది. పదకొండుసార్లూ బాగుంది అనుకుంది.

దేవుడి గూట్లో దీపం వెలిగించి, తట్ట పట్టుకుని చౌడమ్మ పటం ముందు నిలబడింది. జయరాముడు ఎన్నడూ లేనిది మగ్గం దిగి వచ్చి పక్కన నిలుచున్నాడు. అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“ఏమన్నా కోరుకో మే. ఈ పొద్దు అమ్మ ఇస్తాది.”

గంగులమ్మ కళ్ళు మూసుకుంది. కోరడానికి ఏమీ తోచలేదు. వంగి తట్టను అమ్మవారి ముందు పెట్టింది.

ఇంట్లో దేన్నీ ముట్టకుండా వాకిట్లో చాప మీద కూర్చోవాల్సిన మూడు రోజుల్లో, ఆ నెలకు అది ఆమెకు రెండో రోజు.