ఐదు స్టార్లు

"దొంగల్ని మేపుతున్నది మీరే, నాగబాబు గారూ. మీలాంటి షాపులవాళ్లు నోరు మూసుకుని కూర్చోబట్టే మాలాంటివాళ్లు మునిగిపోతున్నారు."

సుస్మిత చచ్చిన లాప్‌టాప్‌ని కౌంటరు మీద పెట్టింది. పెట్టడం కాదు, పడేసింది. రాజోలు బస్టాండు ఎదుట ఆ కంప్యూటర్ షాపులో బేరాలాడుతున్న ఇద్దరూ తలలు తిప్పారు.

"ముందు కూర్చోండి మేడం గారూ. ఎండన పడి వచ్చేరు." నాగబాబు తనే లేచి కుర్చీ జరిపాడు. తిట్టడానికి వచ్చినవాళ్లకి కూడా కుర్చీ వేసే ఊరు అది. "ఏయ్ బేబీ, మేడం గారికి మంచినీళ్లు."

నేల తుడుస్తున్న బేబి కర్రని గోడకి ఆనించింది. యాభై దాటిన మనిషి. చేతులు కడుక్కుని గ్లాసు తెచ్చింది. సుస్మిత అది ముట్టుకోలేదు.

"నాక్కావలసింది నీళ్లు కాదండీ, వారెంటీ. కంపెనీ ఇచ్చిన ఏడాది మొన్ననే అయింది. ఇంకో రెండేళ్లకి కొన్నాను కదా అని ధైర్యంగా అమలాపురం సర్వీసు సెంటరుకి వెళ్తే, ఈ నంబరు మీద ఏ వారెంటీ లేదమ్మా అన్నారు. నేనే ఏదో దొంగ సరుకు పట్టుకొచ్చినట్టు చూసేరు."

నాగబాబు లాప్‌టాప్ తిరగేసి అడుగున అంటించిన నంబరు కేసి చూశాడు. ఆమె మొహం చూడలేక చూశాడు.

"ఆ వారెంటీ అమ్మింది నేను కాదండీ. ఆన్‌లైన్లో ఎవడో సగం ధరకి పెట్టేడు."

"చూపించింది మీరు."

"ఆయ్. చూపించేను."

"నొక్కింది మీరు."

"నొక్కేను." అతని గొంతు దిగిపోయింది. "నాకు అప్పుడే అనుమానం రావాల్సిందండీ. మిషను నంబరు అడక్కుండా వారెంటీ అమ్మేడు వాడు. నంబరు తెలీకుండా దేనికిస్తాడు వారెంటీ? పోనీ కొన్నాకయినా కంపెనీకి ఫోన్ చేసి, మా నంబరు మీద ఎక్కిందా అని అడిగితే ఆవేళే తేలిపోయేది. డబ్బు వెనక్కి లాక్కోడానికి గడువుండేది. అడగలేదు. నాదే తప్పు."

"మీ తప్పు మీ దగ్గరే పెట్టుకోండి. నేనేం చేసుకోను దాన్ని? సోమవారం పొద్దున్న నేను పనిలోకి దిగాలి. ఆసుపత్రి బిల్లులు ఇంట్లో కూచుని చేస్తేనే నాకు జీతం. మిషను లేదంటే ఇంకొకళ్లని పెట్టుకుంటారు. ఇంటిల్లిపాదికీ ఆ ఒక్క జీతమే."

బేబి కర్ర ఆగింది. మళ్లీ తుడిచింది, తుడిచినచోటే.

"అసలేం చూసి నమ్మేరండీ వాణ్ణి?" అంది సుస్మిత.

"రివ్యూ చూసండీ. అన్నీ ఇంగ్లీషులో ఉంటే ఇదొక్కటీ తెలుగులో ఉంది. అందులోనూ మన ఊరే. మన ఊరివాళ్లు అబద్ధం చెప్తారా అనుకున్నాను."

నాగబాబు మానిటరు ఆమె వైపు తిప్పాడు. 'కొనుగోలుదారు, రాజోలు' అని ఉంది. దాని పక్కన ఐదు స్టార్లు. సుస్మిత పైకే చదివింది.

"మా అబ్బాయి కంప్యూటరుకి తీసుకున్నాం అండి. చాలా మంచివాళ్లు. మనిషిని మనిషిలా చూస్తారు. కళ్లు మూసుకుని తీసుకోండి."

చదివి పళ్లు కొరికింది. "కళ్లు మూసుకుని తీసుకోవాలంట. వీడెవడో గట్టిగా తిన్నాడండీ. తినకుండా ఇంత తియ్యగా ఎవడు రాస్తాడు? దూరాన ఉన్న దొంగని నేనెలాగూ పట్టుకోలేను. వీడు మన ఊళ్లోనే ఉన్నాడు. వీడి గుమ్మంలో కూచుంటాను. తిన్నదంతా కక్కిస్తాను."

"ఏయ్ బేబీ, అక్కడే ఎంతసేపు తుడుస్తావ్? మేడం గారి చెప్పులు తడిసిపోతున్నాయ్, కనపడట్లేదా?"

బేబి కదల్లేదు. కర్ర రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

"నా గుమ్మంలో కూచోండి అమ్మగారూ."

"ఏంటి?"

"అది నేనేనండి."

నాగబాబు నవ్వబోయి ఆగిపోయాడు. "నువ్వా? నీకు సంతకమే రాదు కదే."

"రాయలేదు బాబుగారూ. నేను మాటాడితే ఫోనే రాసుకుంది. మా అబ్బాయి బన్నీ స్టార్లు నొక్కేడు. ఆడి కంప్యూటరుకీ ఈ వారెంటీయే కొన్నాం. నా మాట చూసి ఈవిడ కొన్నారని నాకు తెలీదండి."

సుస్మిత కుర్చీలోంచి లేచింది. ఈసారి కోపం కన్నా రోత ఎక్కువుంది ఆమె మొహంలో.

"ఎంతిచ్చేడు నీకు?"

"ఏమీ ఇవ్వలేదండి."

"ఉత్తినే చెప్పేవా ఇన్ని మంచి మాటలు? నీ కొడుకు మిషను ఒక్కసారైనా బాగుచేయించుకున్నావా వాళ్ల చేత?"

"లేదండి. అది ఇంకా పాడవలేదండి."

"మరి మంచివాళ్లని ఎలా తెలిసింది? మనిషిని మనిషిలా చూస్తారా? ఏం చూసేడు వాడు నిన్ను? ఏయ్ బేబీ, నిన్నే అడిగేది. నోరు విప్పవే."

బేబి కొంగుతో చెయ్యి తుడుచుకుంది. జాకెట్లోంచి ఫోను తీసి, నీళ్ల గ్లాసు పక్కన, కౌంటరు మీద పెట్టింది.

"కొన్నరోజు ఫోన్ చేసి, 'బేబి గారూ, మీరు భోంచేసేరా అండీ' అన్నాడండి, ఇన్నేళ్లలో నన్నలా అడిగినోడు ఆ దొంగ ఒక్కడేనండి, ఇంకొకళ్లు మునిగిపోకముందే అందులో నా మాటల్ని చెరిపెయ్యండి, ఇప్పుడే."