ఎదురులేని గెలుపు

నన్ను గెలిపించి తప్పు చేశావమ్మా.

ఊళ్ల పక్కన కంపెనీలు ఉండాలా వద్దా అని అనకాపల్లిలో మా దూరవిద్య తరగతిలో చర్చ పెడితే, అవతలి పక్షాన నిలబడ్డ మా కంపెనీ గౌతమ్ నాకు ఒక్క మాటా ఎదురు చెప్పలేదు. అందరూ నాకే చప్పట్లు కొట్టారు.

మర్నాడు కంపెనీ బస్సులో వాణ్ని ఎగతాళి చేశాను. “నోరు పడిపోయిందేటి బావా?”

“మీ అమ్మ మాడుగుల హల్వా ఎట్టి, మావోడు తట్టుకోలేడు, ఎదురు సెప్పకు బాబూ అంది. తిన్న నోటితో ఏటి మాటాడతాను బావా?”

బస్సంతా నవ్వింది. పరవాడలో కంపెనీ గేటు వచ్చేదాకా తలెత్తలేకపోయాను.

తట్టుకోగలనో లేదో నాకే తెలీదు. నువ్వు తెలుసుకోనివ్వలేదు.

వచ్చే ఆదివారం మళ్లీ అదే చర్చ పెట్టమని మాస్టారిని అడిగాను, సరేనన్నారు. గౌతమ్‌కి ఫోన్ చేసి, “మావోడిని వదలకు” అని నువ్వే చెప్పు. చెప్పానని శనివారంలోగా నాకు జవాబు రావాలి.

బాబ్జి